చైర్మన్ గారి రాజీనామా

సంహితకి ముప్పై ఎనిమిదేళ్ళు. గొంతు మాత్రం ఎనిమిదో ఏటే ఆగిపోయిందని ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో నవ్వుతూ అనేవారు. సీరియళ్ళలో బడికెళ్ళే పిల్లలకీ, బిస్కెట్ ప్రకటనల్లో మారాం చేసే పిల్లలకీ, సినిమాల్లో కథానాయిక చిన్నతనానికీ ఆమే మాట్లాడేది. పొద్దున్నే వెంగళరావు నగర్‌లో ఇంటిపని ముగించుకుని, కూతురు ప్రజ్ఞని బడి వ్యాను ఎక్కించి, ఆటోలో కొండెక్కి వచ్చిందంటే సాయంత్రందాకా ఎవరో ఒక పసిదాని తరఫున ఏడుస్తూ నవ్వుతూ ఉండేది. ఆ పనంటే ఆమెకి ప్రాణం.

ఆ మధ్యాహ్నం సౌండ్ ఇంజనీరు వేంకటరమణ ఫోన్ చేశాడు.

"చిన్న బిట్టమ్మా. ఎలక్షన్ వీడియో. ఓ పాప మాట్లాడాలి. ఎంతోసేపు పట్టదు, వచ్చి వెళ్ళండి."

కార్పొరేటర్ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. సినిమా పని తగ్గిన ఆ నెలల్లో చాలామందికి ఈ వీడియోలే ఆధారం. ఎవరిదని కూడా అడక్కుండా సంహిత వెళ్ళింది.

చీకటి గదిలో మైకు ముందు నిలబడి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. ఎదురుగా తెర మీద బొమ్మ పడింది. కొండవాలులో ఒక రేకుల ఇల్లు. దాని ముందు ఆకుపచ్చ గళ్ళ యూనిఫాంలో ఒక పిల్ల. ఆ గళ్ళబట్ట సంహిత రోజూ ఇస్త్రీ చేసేదే. ఆ పిల్ల కూడా తెలిసినదే. శ్రీనిధి. ప్రజ్ఞ క్లాసు, ప్రజ్ఞ బెంచీ. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలో తింటారు.

చేతిలో పెట్టిన కాగితం చూసుకుంది. "మా నాన్న లేడు. కానీ నాకు రఘునందన్ అంకుల్ ఉన్నారు. మా బడిని చూసుకున్నట్టే ఆయన మీ అందర్నీ చూసుకుంటారు."

రఘునందన్ అంటే తమ వెన్నెలకొండ పాఠశాల కమిటీ చైర్మన్. అదే కమిటీలో సంహిత తల్లిదండ్రుల ప్రతినిధి. ప్రతినెలా ఆ మనిషి ఎదురుగా బల్లకి ఇవతల కూచునేది తనే. ఆయన ఎన్నికల్లో నిలబడబోతున్నాడని పుకారుంది గానీ కమిటీలో ఎవరికీ ఆయన చెప్పలేదు.

డబ్బింగ్ చెప్పేవాళ్ళకి షూటింగులో రికార్డయిన అసలు మాటలు చెవుల్లో వినిపిస్తారు. పెదవుల కదలిక పట్టుకోవడానికి. వేంకటరమణ అవి వేశాడు. ముందు గాలి చప్పుడు, ఎవరిదో దగ్గు. తర్వాత రఘునందన్ గొంతు. కమిటీ మీటింగుల్లో వినే ఆ మెత్తటి గొంతే.

"ఏడ్వు బిడ్డా. ఏడిస్తెనే మంచిగొస్తది. మీ నాయిన మీదికెల్లి కింద పడ్డడు కదా, అది యాది జేస్కో."

"నేను చూడలే అంకుల్. అమ్మ చూడనియ్యలే."

"చూసినట్టు అనుకో. గట్ల పడ్డడు, గట్ల రక్తం... అనుకున్నవా? ఆఁ..."

తర్వాత పిల్ల ఊపిరి తెగి తెగి వినిపించింది. వెంటనే రఘునందన్, ఈసారి గుసగుసగా, హుషారుగా: "వచ్చింది వచ్చింది, కెమెరా! పోనియ్, ఆపకు!" వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

సంహిత హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టింది. తెర మీద శ్రీనిధి నోరు తెరుచుకుని చప్పుడు లేకుండా ఏడుస్తూనే ఉంది.

అద్దం అవతల నుంచి వేంకటరమణ అడిగాడు. "ఏమైందమ్మా?"

"మీరు విన్నారా ఇది?"

ఆయన చూపు తప్పించాడు. "విన్నానమ్మా. మన చేతిలో ఏముంది?"

"పాప గొంతే ఉంచొచ్చుగా? నేనెందుకు మధ్యలో?"

"ఆ యాస వద్దన్నారు. పైగా ఎక్కిళ్ళల్లో మాట తెలీడం లేదట. ఏడుపు ఆ పిల్లదే ఉంచుతారు, మాటలు శుభ్రంగా మీ గొంతులో..."

"నేను చెప్పను."

బయటికొచ్చి వాష్‌బేసిన్ దగ్గర నోరు కడుక్కుంది. తిన్నదేదో కుళ్ళినట్టు నాలుక మీద చేదు. మళ్ళీ మళ్ళీ పుక్కిలించింది. ఆ చేదు పోలేదు.

శ్రీనిధి తండ్రి లైట్‌మన్. స్టూడియోలో సెట్టు పైన లైట్లు కట్టే చెక్కల మీంచి జారిపడి, ఆస్పత్రికి చేరకముందే పోయాడు. అప్పటికి ఆ పిల్ల ఒకటో తరగతి. నాన్న ఎలా పోయాడో ఆ పిల్లకి ఎవరూ చూపించలేదు. చూడకుండా తల్లి కాపాడుకున్న దృశ్యాన్ని, చైర్మన్ గారు ఓట్ల కోసం దాని బుర్రలోకి ఎక్కించాడు.

వెన్నెలకొండ బడి ఇలాంటి పనులకోసం పుట్టిన బడి కాదు. రాళ్ళూ ముళ్ళకంపలూ తప్ప ఏమీ లేని రోజుల్లో ఒక కెమెరామన్ ఆ కొండమీద స్థలం సంపాదించి కట్టించాడు. నిర్మాతల పిల్లలూ, స్టూడియోలో దుమ్ము ఊడ్చేవాళ్ళ పిల్లలూ ఒకే బెంచీ మీద కూచోవాలన్నది ఆయన పట్టుదల. అందుకే పనివాళ్ళ పిల్లలకి కొన్ని సీట్లు ఉచితంగా ఇవ్వాలని మొదట్లోనే రాయించాడు. ఆయన పోయాక ఆయన భార్య అనసూయమ్మ కమిటీలో పెద్దదిక్కుగా ఉంది.

ఇంకో నియమమూ ఉంది. కమిటీలో ఉన్నవాళ్ళెవరైనా ఎన్నికల్లో నిలబడాలనుకుంటే, ఆ ప్రయత్నం మొదలుపెట్టిన రోజే పదవి వదిలెయ్యాలి. బడి పేరు, పిల్లలు, బస్సులు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, ఏదీ వాడుకోకూడదు. ఈ నియమం పెట్టించింది మరెవరో కాదు, రఘునందనే. అప్పట్లో కార్యదర్శిగా ఉన్న ఒకాయన పార్టీ సభకి బడి బస్సులు పంపేస్తే, పిల్లలు చీకటి పడేదాకా గేటు దగ్గర పడిగాపులు కాశారు. అప్పుడు రఘునందన్ మామూలు తండ్రి, అపార్టుమెంట్లు కట్టే వ్యాపారి. తల్లిదండ్రుల సభలో లేచి, "బడి మెట్ల మీద నిలబడి ఓట్లడిగేటోడు మా పిల్లలకు పెద్దమనిషెట్ల అయితడు?" అని గర్జించాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లే ఆయన్ని చైర్మన్ని చేశాయి. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో సంహిత కూడా ఉంది.

మర్నాడే ఆమె శ్రీనగర్ కాలనీలో అనసూయమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ పూజ ముగించుకుని వరండాలో కూచుని ఉంది. జరిగిందంతా వినగానే ఆవిడ చేతిలోని కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"చచ్చిన తండ్రిని గుర్తుచేసి ఏడిపించాడా? ఛీ! ఆయన బతికుంటే మెడపట్టి గెంటేవారు. నువ్వు మీటింగులో ఎత్తమ్మా. నేనున్నాను. నేనే అడుగుతాను వాణ్ణి."

సంహితకి కొండంత ధైర్యం వచ్చింది. వచ్చేటప్పుడు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ వచ్చింది.

కమిటీ శనివారం కూచుంది. ప్రిన్సిపాల్ కౌసల్య, ఒక డాక్టరు, ఒక ఆడిటరు, అనసూయమ్మ, సంహిత, అధ్యక్ష స్థానంలో రఘునందన్. బల్లమీద వేడి సమోసాలు. ఆయన ఒకటి తుంచి, పచ్చిమిరపకాయ కొరుకుతూ, "చెప్పుండ్రి మేడం, ఏదో అంశం ఉన్నదన్నరు" అన్నాడు.

సంహిత ఆ రోజు చెవుల్లో విన్న ప్రతి మాటా చెప్పింది. ఎవరి గొంతు ఎలా ఉందో కూడా. ఆయన అబద్ధమని బుకాయిస్తాడనీ, రుజువేదని అడుగుతాడనీ ఆమె అనుకుంది. దానికి సిద్ధపడే వచ్చింది.

రఘునందన్ టిష్యూతో వేళ్ళు తుడుచుకున్నాడు. "అవును, ఆ మాటలు నేనే అన్న. డైరెక్టర్‌కు ఏడుపు కావాలె, పిల్లకు వస్తలేదు. ఇప్పిచ్చిన. మీ సినిమాల గట్ల చెయ్యరా మేడం? మీరు రోజూ ఏడుస్తరు కదా మైకు ముంగట."

"నేను ఏడిస్తే నా ఇష్టంతో ఏడుస్తాను. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. దానికి తొమ్మిది."

"చాక్లెట్లు ఇప్పిచ్చిన, కొత్త బూట్లు ఇప్పిచ్చిన. నవ్వుకుంట పోయింది. మీకే ఫికర్ ఎక్కువున్నట్టుంది."

"నియమం సంగతేంటి? మీరు పెట్టిందే. ప్రయత్నం మొదలుపెట్టిన రోజే తప్పుకోవాలి. బడి యూనిఫాంతో వీడియో తీసుకున్నారు. బడి దగ్గరున్న నంబర్లకి మీ పండగ శుభాకాంక్షలు వస్తున్నాయి."

"నేనింక నామినేషన్ ఎయ్యలే. పార్టీ టికెట్ ఇయ్యలే. నిలబడ్తనని నా నోటితో ఎవ్వరికన్న చెప్పిన్నా? శుభాకాంక్షలు చెప్పుడు నేరమా? ఏం సార్?"

ఆడిటరు కళ్ళజోడు సర్దుకుని, సాంకేతికంగా చూస్తే ప్రయత్నమంటే నామినేషన్ అనే అనుకోవాల్సి ఉంటుందన్నాడు. డాక్టరుకి ఫోను వచ్చింది, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఎంతకీ తిరిగి రాలేదు. కౌసల్య సమోసా ప్లేటు అంచుని వేలితో రాస్తూ కూచుంది. ఆమెకి ఇంకా మూడేళ్ళ ఉద్యోగముంది.

సంహిత అనసూయమ్మ వైపు చూసింది. ఆవిడ పమిట కొంగు సవరించుకుంది.

"పిల్లాడు ఏదో తొందరలో అన్నాడులే సంహితా. బడికి ఎంత చేశాడు! మొన్న ఇంటికొచ్చి చెప్పాడు, కొత్త బ్లాకుకి మా ఆయన పేరు పెడతాట్ట. గేటు దగ్గర విగ్రహం కూడా. ఆయన పేరు చూసుకుని పోవాలనే కదా నేనింకా ఉన్నాను. ఇప్పుడీ రభస ఎందుకు?"

రఘునందన్ లేచి వెళ్ళి ఆవిడ పాదాలు తాకాడు. ఆవిడ ఆయన తల నిమిరింది. సంహితకి ఆ సమయంలో రఘునందన్ కన్నా ఆ నిమిరే చెయ్యి ఎక్కువ జుగుప్స కలిగించింది. అంశం వాయిదా వేశారు. పోతూ పోతూ ఆయన సమోసా ప్లేటు సంహిత ముందుకి జరిపాడు. "తినుండ్రి మేడం, చల్లగైతున్నయ్."

అదే వారంలో ఎవరో ఫోన్ చేశారు. ఎదుటి పార్టీ మనిషి. మీటింగులో జరిగింది వాళ్ళదాకా ఎలా వెళ్ళిందో మరి. మంచి మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, మీరు చాలా ధైర్యవంతులని విన్నామండీ. ఆ ఆడియో ఒక్కటి ఇప్పించండి. ఒక్క పూటలో ఊరంతా వినిపిస్తాం. మనిషి మళ్ళీ లేవడు."

"ఆ పిల్ల ఏడుపు కూడా వినిపిస్తారా?"

"అదే కదమ్మా పాయింటు! ఏడుపు లేకపోతే జనానికి ఎక్కదు."

సంహిత ఫోన్ పెట్టేసింది. ఆడియో ఆమె దగ్గర లేదు. వేంకటరమణని అడిగితే ఇస్తాడేమో కూడా. ఒకాయన ఏడిపించి అమ్ముకుంటాడు, ఇంకొకాయన ఆ ఏడుపునే కొనుక్కుని వీధివీధినా మోగిస్తాడు. ఇద్దరికీ కావలసింది ఒకటే. ఆ రాత్రి అన్నం ముందు కూచుని, ముద్ద కలిపి, తినలేక చెయ్యి కడిగేసుకుంది.

ఈ గొడవలో తను ఇంతమందిని కలిసింది, ఆ పిల్ల తల్లిని మాత్రం కలవలేదని అప్పుడు తట్టింది. తట్టగానే సిగ్గేసింది.

భూలక్ష్మి జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీన్లలో ముత్తైదువ, ఊరేగింపు సీన్లలో జనం. ఆదివారం షూటింగు లేదు. స్టూడియో వెనక మెట్లదారిలో ఎక్కి సంహిత వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. శ్రీనిధి పక్కింటి పిల్లలతో ఎక్కడో కింద ఆడుకుంటోంది.

సంహిత చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించింది. చెప్తే ఈ మనిషికి ఇక నిద్ర పట్టదు. చెప్పకపోతే తనకీ ఆ చైర్మన్‌కీ తేడా ఏముంటుంది? చివరికి చెప్పింది. కొంచెం మెత్తబరిచి చెప్పాలని చూసింది గానీ ఆ మాటలు మెత్తబడేవి కావు.

భూలక్ష్మి చేతులు ఆగిపోయాయి.

"బడి వీడియో అన్నరు మేడం. బడి మంచిగున్నదని చెప్పాలె అన్నరు. నేను షూటింగుకు పోయిన. టీచరమ్మను తోలిచ్చి తీస్కపోయిన్రు." మళ్ళీ తనే అంది. "ఆ దినం సంది రాత్రి లేస్తున్నది. నాయిన పడ్డడని లేస్తున్నది. నేనేందో జరమనుకున్న."

చింతపండు మీద ఈగలు వాలాయి.

"నేను ఏడ్వమంటే ఏడుస్త మేడం. పీనుగ కాడ కూసోని ఏడ్చే సీనుకు నన్నే పిలుస్తరు. అది నా పని. నా బిడ్డకెందుకు నేర్పిన్రు?"

"ఆ వీడియో ఆపించొచ్చు. మీరు వద్దంటే వాళ్ళు వెయ్యకూడదు."

"సీటు పోతదా?"

"అది ఆయన ఇచ్చిన సీటు కాదు. బడి పెట్టినప్పుడే మీలాంటివాళ్ళకని రాసిపెట్టారు."

"గది నాకు తెల్వది. పోతదా పోదా చెప్పుండ్రి."

సంహిత ఆమె కళ్ళలోకి చూసింది. "పోనివ్వకుండా నేను కొట్లాడతాను. పోదని మాత్రం ఇప్పుడు చెప్పలేను భూలక్ష్మీ."

భూలక్ష్మి చాలాసేపు గుమ్మంలోంచి కింద స్టూడియో రేకుల కప్పుల వైపు చూసింది. తర్వాత చెయ్యి దులుపుకుని లేచింది. "సర్కారు బడి ఉన్నది. పోతే గాడికే పోతది. పోదాం పాండ్రి."

వీడియో కూర్చే ఆఫీసు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా మేడమీద. అక్కడి మేనేజరు సార్‌ని అడక్కుండా ఏమీ చెయ్యలేనన్నాడు. అయితే అడుగు అంది భూలక్ష్మి. అతను రఘునందన్‌కి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"సార్, నేను శ్రీనిధి తల్లిని. నా బిడ్డ బొమ్మ తీసెయ్యిండ్రి."

"ఏమైందమ్మా? ఎవరన్న ఏమన్న చెప్పిన్రా?"

"ఎవరు చెప్తేంది సార్. దాని నాయిన ఎట్ల సచ్చిండో దానికి చెప్పుటానికి నేనున్న. మీరెవరు?"

తిడతాడేమో, బెదిరిస్తాడేమో అనుకుంది సంహిత.

"అయ్యో తల్లీ, నువ్వు వద్దంటే వద్దు. ఆడబిడ్డ కంటనీరు పెట్టుకుంటే నాకు పుణ్యమా? తీసేయ్ రా ఆ బిట్టు. పక్కనే సంహిత మేడం ఉన్నట్టున్నరు కదా? మేడంకు నా నమస్కారం చెప్పు. నా కండ్లు తెరిపిచ్చిన్రు."

మెట్లు దిగుతూ భూలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుంది, గెలిచినట్టే. సంహితకి మాత్రం ఆ మంచితనం వింటే ఒళ్ళు జలదరించింది. ఎందుకో గురువారం నాడు తెలిసింది.

గురువారం బడి మైదానంలో షామియానా వేశారు. నీడ వేదికకీ, ముందు వరస కుర్చీలకీ. పిల్లలు ఎండలో, నేలమీద. ఎనిమిదింటికే కూచోబెట్టారట. సంహిత వచ్చేసరికి పదకొండు దాటింది. చిన్నపిల్లలు తలమీద పుస్తకాలు పెట్టుకున్నారు. ఒక పిల్లాడు వాంతి చేసుకుంటే ఆయా ఇసుక పోసి పోయింది. రెండు కెమెరాలు, పైన తూనీగలా తిరిగే డ్రోను. వేదిక వెనక పెద్ద అక్షరాలు: విలువల కోసం పదవీ త్యాగం.

రఘునందన్ తెల్లబట్టల్లో మైకు ముందుకొచ్చాడు.

"ఈ బడిల ఒక నియమం ఉన్నది. అది పెట్టిందే నేను. ఎన్నికల్ల నిలబడెటోడు ఈ కుర్చీల కూసోవద్దు. పార్టీ నాకు నిన్ననే టికెట్ ఇచ్చింది. ఇయ్యాల నేను కుర్చీ ఇడుస్తున్న. ఎవ్వరు నన్ను దిగమనలే. నా అంతరాత్మ దిగమన్నది!"

టీచర్లు చేతులూపారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అనసూయమ్మని ఇద్దరు పట్టుకుని లేపితే ఆవిడ దండ వేసి, కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొత్త చైర్మన్ పేరు చదివారు. శ్రీమతి వందన, రఘునందన్ గారి భార్య. కమిటీ ఎప్పుడు కూచుందో, ఎవరు ఒప్పుకున్నారో సంహితకి కబురే లేదు. వందన కుర్చీలో కూచుంది. ఆయన పక్క కుర్చీలోకి జరిగాడు. అంతే తేడా.

"నాకు దారి చూపిచ్చిన నా చెల్లె సంహిత గీడనే ఉన్నది. చప్పట్లు!"

కెమెరా ఒకటి ఆమె వైపు తిరిగింది. సంహిత కదల్లేదు.

"మా శ్రీనిధి బిడ్డ ఏది? నాకు పూలగుత్తి ఇస్తది. రా బిడ్డా!"

టీచర్లు వరసల్లో వెతికారు. శ్రీనిధి రాలేదు. ఆ రోజు భూలక్ష్మి దాన్ని బడికి పంపలేదు. రఘునందన్ ముఖంలో రేఖ కూడా మారలేదు. ముందు వరసలోంచి ఇంకో పిల్లని రెక్క పట్టుకుని లేపి వేదిక ఎక్కించారు. రఘునందన్ దాని భుజం మీద చెయ్యేసి కెమెరాకి తిప్పాడు.

ప్రజ్ఞ. ఎండకి ముఖం కందిపోయి, పెదాలు ఎండిపోయి, ఎటు చూడాలో తెలీక నవ్వుతోంది.

సంహితకి తను ఎలా వేదిక ఎక్కిందో తెలీదు. ఆయన చెయ్యి కూతురి భుజం మీంచి తీసి పక్కన పెట్టింది, బల్లమీంచి ఎంగిలి గ్లాసు తీసినట్టు. ఆయన నవ్వుతూనే మైకులో అన్నాడు. "తల్లి ప్రేమ! చప్పట్లు కొట్టుండ్రి!"

పిల్లలు కొట్టారు. ఏది చెప్తే దానికి కొట్టారు. సంహిత మైకు అందుకుంది.

"పిల్లలూ, చప్పట్లు ఆపండి. మీరు మూడు గంటలుగా ఎండలో ఉన్నారు. ఇది బడి పని కాదు, ఈయన ఎన్నికల పని. దీనికోసం మీరు కూచోనక్కర్లేదు. లేచి క్లాసులకి వెళ్ళి నీళ్ళు తాగండి."

ఎవరూ కదల్లేదు. పిల్లలు టీచర్ల ముఖాలు చూశారు. టీచర్లు ప్రిన్సిపాల్ ముఖం చూశారు. ఎవరో మైకు తీగ లాగేశారు. రఘునందన్ మొదటిసారి నవ్వడం మానేశాడు.

కౌసల్య కుర్చీలోంచి లేచింది. ఎవరివైపూ చూడలేదు. "పదో తరగతి, లైన్. తర్వాత తొమ్మిది," అంది. రోజూ ప్రార్థన అయ్యాక అనే మాటే. పిల్లలకి ఆ మాట చాలు. దుమ్ము దులుపుకుని లేచారు. వరసలు వరసలుగా మైదానం ఖాళీ అయింది. వేదిక మీద విలువల కోసం త్యాగం చేసినాయన, ఆయన భార్య, ఒక ముసలావిడ మిగిలారు. డ్రోను ఇంకా తిరుగుతూనే ఉంది.

దీంతో రఘునందన్ ఓడిపోయాడనుకుంటే పొరపాటు. వీడియోలో ఎండ లేదు, వాంతి లేదు, సంహిత మాటలు లేవు. త్యాగం ఉంది, దండ ఉంది, చప్పట్లు ఉన్నాయి. జనం మెచ్చుకున్నారు. ఆయన మంచి మెజారిటీతో గెలిచాడు. ఫలితాల రోజు బడినుంచి తల్లిదండ్రులందరికీ అభినందనల సందేశం వెళ్ళింది. కౌసల్యకి ఆ నెలాఖరుకే వీడ్కోలు చెప్పేశారు. సంహితని కమిటీలోంచి తీసేస్తూ సంస్థ మర్యాదకి భంగం అని కారణం చెప్పారు. ఆమె తల్లిదండ్రుల్ని కూడగట్టి, పనివాళ్ళ పిల్లల సీట్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా విద్యాశాఖ అధికారి దాకా వెళ్ళింది. అది మాత్రం నిలిచింది. శ్రీనిధి సీటు పోలేదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు సాయంత్రం, బడి గేటు దగ్గర సంహిత ప్రజ్ఞ కోసం నిలబడి ఉంది. గేటు పక్క గోడకి గెలిచిన నాయకుడి ఫ్లెక్సీ. పిల్లలందరూ బిలబిలా బయటికొచ్చారు. భూలక్ష్మి కూడా వచ్చింది, షూటింగు బొట్టు ఇంకా నుదుటి మీదే ఉంది. శ్రీనిధి తల్లి దగ్గరికి పోకుండా తిన్నగా సంహిత దగ్గరికొచ్చి ఆమె చున్నీ అంచు పట్టుకుంది.

"ఆంటీ, నా వీడియో ఎందుకు తీసేసిన్రు? నేను మంచిగ ఏడ్వలేదా?"

సంహిత వంగి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. భూలక్ష్మి గబగబా వచ్చి కూతుర్ని దగ్గరికి లాక్కుని, తల కడుపుకి ఆనించుకుని, చెవులు రెండూ మూసేసింది. రోడ్డు మీద విజయోత్సవం బళ్ళు హారన్లు కొట్టుకుంటూ కొండ ఎక్కుతున్నాయి.